దూరానికి పొట్టి ముక్కు

మంగళవారం ఉదయం ఎనిమిదిన్నరకు ఆటోనగర్ నుంచి ఫోన్ వచ్చింది. చేసింది మేస్త్రీ గారి షెడ్డు పక్కన లేత్ మిషన్ నడిపే ఆయన. "మేస్త్రీ గారు పోయారండీ. పొద్దున ఐదింటికి గుండెల్లో నొప్పన్నారంట. ఆసుపత్రికి తీసుకెళ్లేలోపే అయిపోయింది. మీకు కబురు చెప్పమన్నారు అమ్మగారు," అన్నాడు. మేస్త్రీ గారికి డెబ్బై ఆరేళ్లు. సోమవారం సాయంత్రం దాకా షెడ్డులో పని చేశారు. ఆ రోజు ఆఖరుగా ముట్టుకున్న బండికి పాత ఆయిలు దించారు గానీ కొత్తది పోయలేదు. పాత ఆయిలు చుక్క చుక్కా కారి పూర్తిగా దిగాకే కొత్తది పోయాలనేది ఆయన పద్ధతి. దానికి ఒక పూట పట్టినా సరే.

పాత పెట్రోలు కార్ల ఇంజన్లకు ఏ ఆయిలు పోయాలి, ఏ స్పార్క్ ప్లగ్గు బిగించాలి అన్నది ఆయన జీవితకాలపు పని. అటు ఏలూరు నుంచి ఇటు తెనాలి దాకా అంబాసిడర్లూ అంతకంటే పాత బళ్లూ ఇంకా నడుపుతున్నవాళ్లు ఆయన దగ్గరికే వచ్చేవాళ్లు. మిగతా పాఠకుల్లో ఎవరైనా ఆయన గురించి విని ఉంటే, తొమ్మిదేళ్ల క్రితం ఆదివారం అనుబంధంలో నేను రాసిన వ్యాసం వల్లే విని ఉంటారు. ఆ వ్యాసంలో ఒక తప్పుంది. తప్పు నాది, మాట పడింది ఆయన. ఆయన బతికుండగా దాన్ని అచ్చులో సరిదిద్దలేదు. అందుకని ఇక్కడ ఆయన గురించి ఎంత ఉంటుందో ఆ తప్పు గురించీ అంతే ఉంటుంది.

ఆయనది కంకిపాడు దగ్గర వ్యవసాయ కుటుంబం. మొదట పట్టింది కార్లు కాదు, కాలవల మీద నీళ్లు తోడే ఆయిల్ ఇంజన్లు. నాట్ల రోజుల్లో ఆ ఇంజన్లు పగలంతా ఆగకుండా నడుస్తాయి. అవి మొరాయిస్తే నారు ఎండుతుంది. ఏ ఆయిలు పోస్తే ఇంజను రెండో సీజనుకు నిలబడుతుందో ఆయనకు అక్కడ తెలిసింది. ఇరవై ఏళ్లు దాటాక ఆటోనగర్ వచ్చారు. షెడ్డుకు బోర్డు పెట్టలేదు. "బోర్డు చూసి వచ్చేవోడు రేపు ఇంకో బోర్డు చూసి పోతాడండీ," అనేవారు.

బండి లోపలికి రాగానే బానెట్ ఎత్తేవారు కాదు. ముందు మూడు ప్రశ్నలు అడిగేవారు. ఏ సంవత్సరం బండి? రోజూ ఎంత దూరం తిరుగుతుంది? ఇంటి దగ్గర ఎండలో పెడతారా, నీడలోనా? ఈ మూడింటికీ జవాబు చెప్పలేని యజమానిని బెంచీ మీద కూర్చోబెట్టి టీ తెప్పించేవారు. జవాబులు గుర్తొచ్చేదాకా బండి జోలికి వెళ్లేవారు కాదు.

తర్వాత గేజీ కడ్డీ తీసి, దాని కొసనున్న ఆయిలు చుక్క ఒకటి పాత పేపరు మీద వేసేవారు. చుక్క ఎలా పరుచుకుంటుందో చూసేవారు. మధ్యలో నల్లటి ముద్ద కదలకుండా ఉంటే ఆయిలు పని అయిపోయినట్టు. చుట్టూ వలయంలా సమంగా పాకితే ఇంకా కొన్నాళ్లు నడుస్తుంది. నేను మొదటిసారి వెళ్లినప్పుడు ఆ చుక్క పడింది మా పత్రిక మీదే.

"మీ పేపరు మంచిదండీ, బాగా పీలుద్ది. మిగతావి నున్నగా ఉంటాయి, చుక్క నిలబడిపోద్ది," అన్నారు.

ముప్పై ఏళ్ల ఉద్యోగంలో మా పత్రికకు అంత సూటిగా దక్కిన మెప్పు నాకు గుర్తులేదు.

ఆయిలు డబ్బా మీద ట్వంటీ డబ్ల్యూ ఫిఫ్టీ అని ఉంటుంది. దాన్ని ఆయన ఇలా చెప్పేవారు: "ట్వంటీ అంటే పొద్దున్నే చల్లగా ఉన్నప్పుడు ఎట్టా పారుద్దో. ఫిఫ్టీ అంటే ఇంజను కాగినాక ఎంత చిక్కగా నిలబడుద్దో. డబ్ల్యూ అంటే వింటరంట. బెజవాడలో వింటరెక్కడుందండీ? మనం రెండో నంబరు చూసుకోవాలి. రోహిణీ కార్తెలో మిట్టమధ్యాహ్నం బెంజి సర్కిల్ సిగ్నల్ కాడ నిలబడ్డ బండిని తల్చుకుని పొయ్యాలి ఆయిలు." ఎవరైనా ఖరీదైన పల్చటి సింథటిక్ ఆయిలు తెస్తే వెనక్కి ఇచ్చేసేవారు. పాత ఇంజన్ల అతుకుల మధ్య ఉండే ప్యాకింగులు కార్కు బెరడువి. పల్చటి ఆయిలు వాటిలోంచి కారి నేల మీద పడుతుంది.

ఇంకో విషయంలో ఆయనకూ యజమానులకూ తరచూ వాదన జరిగేది. పాత పెట్రోలు ఇంజనుకు ఆయన డీజిలు బళ్లకు వాడే ఆయిలు పోసేవారు.

"పెట్రోలు బండికి డీజిలు ఆయిలేంటి మేస్త్రీ, మతి పోయిందా?" అని నా ముందే ఒకాయన అరిచాడు.

"మతి ఉండబట్టే పోస్తున్నానండీ. మీ బండిలో వాల్వులు ఎత్తే క్యామూ ట్యాపెట్టూ ఒకదాన్నొకటి రుద్దుకుంటానే ఉంటాయి. వాటి మధ్య అరుగుదల ఆపే మందు ఒకటుంది. అది కొత్త పెట్రోలు ఆయిళ్లలో తగ్గించేశారు. డీజిలు దాంట్లో ఇంకా ఉంది. కాదంటే మీ డబ్బాయే పోస్తా. క్యాము అరిగాక ఈ మాట గుర్తు చెయ్యనులెండి."

నేను ఆ మాటను ఒక ఆయిల్ కంపెనీ ఇంజనీరుతో సరిచూసుకున్నాను. పాత తరహా ఇంజన్ల వరకు అది నిజమేననీ, కొత్త కార్లకు అలా పోస్తే సైలెన్సరులో పొగను శుభ్రం చేసే భాగం పాడవుతుందనీ ఆయన చెప్పాడు. మేస్త్రీ గారు బండి సంవత్సరం ముందు అడిగేది అందుకే.

ఇంత సరిచూసుకున్న నేను ప్లగ్గు దగ్గర తప్పు చేశాను.

స్పార్క్ ప్లగ్గును తిరగేసి మూతిలోకి చూస్తే లోపల తెల్లటి పింగాణీ కనిపిస్తుంది. దాన్ని ఆయన ముక్కు అనేవారు. ముక్కు పొడుగ్గా ఉంటే వేడి బయటికి పోవడానికి సమయం పడుతుంది. కొస వేడిగానే ఉండి, తన మీద పట్టిన మసిని తానే కాల్చుకుంటుంది. ఊళ్లో ఆగుతూ సాగుతూ తిరిగే బండికి అది కావాలి. ముక్కు పొట్టిగా ఉంటే వేడి వెంటనే దిగిపోతుంది. గంటల తరబడి పరిగెత్తే బండికి అది కావాలి. అంటే ఊరికి పొడుగు ముక్కు, దూరానికి పొట్టి ముక్కు. ఆయన చెప్పింది ఇదే.

నేను రాసింది: "దూరానికి పొడుగు ముక్కు, ఊరికి పొట్టి ముక్కు."

నా నోట్‌బుక్‌లో సరిగ్గానే ఉంది. ఆఫీసులో కూర్చుని టైపు చేస్తున్నప్పుడు దూరం, పొడుగు అనే రెండు మాటలు వాటంతటవే జతకట్టాయి. చదివితే సబబుగా అనిపించింది. నోట్‌బుక్ మళ్లీ తిరగేయలేదు. డెస్కు వాళ్లకు ఆ వాక్యం ఎంత నచ్చిందంటే, దాన్ని పెద్ద అక్షరాల్లో ఆయన ఫొటో కింద ఆయన మాటగా వేశారు.

మూడు వారాల తర్వాత, మే నెలలో, మేస్త్రీ గారి పాత కస్టమరు ఒకాయన ఆఫీసుకు ఫోన్ చేశారు. రిటైరైన ఫిజిక్స్ లెక్చరరు, చల్లపల్లి అవతల ఒక ఊరు. ఆయన భార్యకు అప్పటికి నెల కిందట మోకాలు మార్పిడి ఆపరేషన్ జరిగింది. వారానికి రెండుసార్లు విజయవాడ తీసుకొచ్చి తన దగ్గరే వ్యాయామాలు చేయించాలనీ, ఈ రెండు నెలలూ ఆపితే కాలు బిగుసుకుపోతుందనీ డాక్టరు గట్టిగా చెప్పాడు. ఆమె బస్సు మెట్లు ఎక్కలేరు. కొత్త కార్ల సీట్లు కిందికి ఉంటాయి, కూర్చుంటే లేవలేరు. వాళ్ల అంబాసిడర్ సీటు ఎత్తుగా ఉంటుంది, వంగకుండా కూర్చోవచ్చు. ఆమె కాలు ఆ కారు మీద ఆధారపడి ఉంది.

లెక్చరరు గారు నా వ్యాసం చదివి, మాది దూరప్రయాణం కదా అని, దొరికిన వాటిలో అన్నిటికంటే పొడుగు ముక్కు ప్లగ్గులు తెచ్చి ఊళ్లోనే బిగించుకున్నారు. ఎండలో ఉయ్యూరు దాటాక ఇంజను టకటకలాడి ఆగిపోయింది. మూడో పిస్టన్ తల కరిగి బొక్క పడింది. అప్పుడు కారులో ఆమె కూడా ఉన్నారు. గంటన్నర రోడ్డు పక్కన కాలు చాపుకుని అలాగే కూర్చున్నారు.

"మీ మేస్త్రీ మాట నమ్మి ఇంజను పోగొట్టుకున్నానయ్యా," అన్నారు ఫోన్లో. ఆ మాట ఆయన అప్పటికే మరో ముగ్గురు పాత బళ్లవాళ్లతో అన్నారు. ఆ ముగ్గురూ ఆ వేసవిలో ఆటోనగర్ షెడ్డుకు రాలేదు.

నోట్‌బుక్ తీసి చూశాను. తప్పు ఎక్కడ జరిగిందో అర నిమిషంలో తెలిసింది. షెడ్డుకు వెళ్లి చెప్పాను. మేస్త్రీ గారు వ్యాసం చదివే ఉన్నారు. అచ్చులో పడిన రోజే తప్పు చూశారు. నాకు ఫోన్ చేద్దామనుకుని, అంత పెద్ద వ్యాసం రాశారు కదా, నొచ్చుకుంటారేమోనని ఆగిపోయారట.

"ఆగకుండా ఉండాల్సింది," అన్నారు. "పదండి, ముందు బండి చూద్దాం."

మర్నాడు ఇద్దరం వాళ్ల ఊరు వెళ్లాం. లెక్చరరు గారు వరండాలోనే పేపరు కత్తిరింపు మా ముందు పెట్టారు. ఆ వాక్యం కింద ఎర్ర సిరాతో రెండు గీతలు కొట్టి ఉన్నాయి.

"నువ్వు చెప్పావా ఇట్లా?" అని మేస్త్రీ గారిని అడిగారు.

మేస్త్రీ గారు కాదని ఒక్క మాట అంటే సరిపోయేది. "చెప్పింది నేనే మాస్టారూ. చేతిలో పెట్టి చూపిస్తే ఈ తంటా వచ్చేది కాదు. ఆ రోజు చేతులు గ్రీజులో ఉండి నోటితో చెప్పా. సగం తప్పు నాది," అన్నారు.

"సగం కాదండీ," అని నేను నోట్‌బుక్ తెరిచి లెక్చరరు గారికి ఇచ్చాను. "ఆయన సరిగ్గానే చెప్పారు. తిరగేసి రాసింది నేను."

ఆయన కళ్లజోడు సర్దుకుని ఆ పేజీ రెండుసార్లు చదివారు. "దస్తూరీ అధ్వాన్నంగా ఉంది. పోనీ విషయం మాత్రం సరిగ్గానే ఉంది," అన్నారు.

లోపల కుర్చీలో కూర్చున్న ఆయన భార్య అందుకున్నారు. "ఆయనకి అచ్చులో పడితే చాలండీ, ఇంకేం అడగరు. ఫిజిక్స్ చెప్పిన మనిషి, వేడి ఎటు పోద్దో ఒక్క క్షణం ఆలోచించొద్దూ?"

"నువ్వూరుకో."

"ఊరుకుంటే కాలు వంగుద్దా? మేస్త్రీ గారూ, ఆ సగాలూ పావులూ మీలో మీరు తర్వాత పంచుకోండి. బండి ఎప్పటికవుద్దో అది చెప్పండి నాకు."

"మూడు వారాలు పట్టుద్దమ్మా."

"అన్నాళ్లా? నా కాలు ఆగదు కదా!"

"మీ కాలు ఆగనక్కర్లేదు. నా బండి కూడా అంబాసిడరే," అన్నారు మేస్త్రీ గారు.

ఆ మూడు వారాలూ ప్రతి మంగళవారం, శుక్రవారం ఆయనే తెల్లవారి బయల్దేరి వాళ్ల ఊరు వెళ్లి, ఆమెను విజయవాడ తీసుకొచ్చి, వ్యాయామాలు అయ్యాక తిరిగి దింపి వచ్చారు. మిగతా రోజుల్లో ఇంజను పని చూశారు. ఈ సంగతి ఆయన నాకు చెప్పలేదు. చాలా కాలానికి లెక్చరరు గారి భార్య చెప్పారు. దారిలో ఆయన పెద్దగా మాట్లాడేవారు కాదట. గతుకు వచ్చే ముందు మాత్రం "పట్టుకోండమ్మా" అనేవారట.

ఇంజను బోరు చేయించి, నాలుగు పిస్టన్లూ మార్చారు. కొత్త బోరుకి మొదటి ఐదు వందల కిలోమీటర్లు మామూలు మినరల్ ఆయిలే పోశారు. మరీ జారుడుగా ఉంటే పిస్టన్ రింగులు సిలిండరు గోడలకు అమరి కూర్చోవని చెప్పారు. అది దించేశాకే తాను వాడే ఆయిలు పోశారు. తర్వాత లెక్చరరు గారినీ నన్నూ ఎక్కించుకుని ఉయ్యూరు రోడ్డు మీద ఇరవై కిలోమీటర్లు ఒకే వేగంతో నడిపారు. ఉన్నట్టుండి ఇంజను ఆపేసి, బండిని అలాగే జారనిచ్చి పక్కన నిలిపారు. మెల్లగా ఆగితే ప్లగ్గు రంగు మారిపోతుందట. వేడివేడిగా ఉన్న నాలుగు ప్లగ్గులనూ విప్పి గోనె పట్టా మీద వరసగా పేర్చారు.

"చూడండి. నల్లగా ఉంటే మసి కాలట్లేదని. తెల్లగా పేలినట్టుంటే మరీ వేడెక్కుతోందని. బిస్కెట్టు రంగు రావాలి."

నాలుగూ బిస్కెట్టు రంగులోనే ఉన్నాయి. లెక్చరరు గారు ఒక్కోటీ రుమాలుతో పట్టుకుని మూతిలోకి చూశారు. మర్నాడు ఆ ముగ్గురు పాత బళ్లవాళ్లకూ ఆయనే ఫోన్ చేసి చెప్పారు. ఇద్దరు తిరిగి వచ్చారు, ఒకాయన రాలేదు. ఆమె కాలు జూలై చివరికి పూర్తిగా వంగింది.

సవరణ సంగతి రాయాలి. నాలుగు లైన్లు రాసి డెస్కుకు ఇచ్చాను. "ఆదివారం అనుబంధంలో వచ్చిన ఐటెం, నెల దాటింది, ప్లగ్గు ముక్కుకు సవరణేంటి గురూ?" అన్నారు. ఒక వార్తలో ఒక్క మాట కోసం డెస్కుతో అరగంట పోట్లాడిన రోజులు నాకున్నాయి. దీని కోసం రెండు నిమిషాలు కూడా పోట్లాడలేదు. సవరణ రాలేదు.

తప్పు వాక్యం మాత్రం ఆగలేదు. నోటికి తేలిగ్గా పట్టింది. ఏలూరులో ఒక స్పేర్ పార్టుల దుకాణంలో దాన్ని గోడ మీద రాయించారు. పాత కార్ల వాళ్ల వాట్సాప్ గ్రూపుల్లో ప్రతి ఎండాకాలం తిరుగుతుంది. మేస్త్రీ గారి దగ్గరికి వచ్చేవాళ్లు ఆయన మాటేనంటూ దాన్ని ఆయనకే అప్పజెప్పేవాళ్లు. ఆయన చేతులు తుడుచుకుని, రెండు ప్లగ్గులు తీసి, చెరో చేతిలో పెట్టి, మూతిలోకి చూడమనేవారు. తొమ్మిదేళ్లలో ఎంతమందికి చూపించారో నాకు తెలియదు. నేనక్కడుండగానే చాలాసార్లు జరిగింది. ఒకసారి నన్ను చూపించి, "మా రిపోర్టరు గారు దూరానికి పొడుగన్నారు లెండి. ఆయన వార్తలూ పొడుగే," అన్నారు. షెడ్డంతా నవ్వింది. అంతకు మించి ఎప్పుడూ దెప్పలేదు.

అడగడం మాత్రం రెండుసార్లు అడిగారు. రెండోసారి పోయిన వేసవిలో. "ఒక్కసారి అచ్చులో వేయించండి రిపోర్టరు గారూ. వచ్చినోళ్లకి నేను చూపిస్తా. రానోళ్ల సంగతేంటి?"

చూద్దామన్నాను. అప్పటికి నేను రిటైరై ఈ శీర్షిక రాస్తున్నాను. నన్ను ఆపే డెస్కు కూడా లేదు. ఎందుకు రాయలేదంటే చెప్పుకోదగ్గ కారణం లేదు. ఆయన ఉన్నారు కదా, చెబుతున్నారు కదా అనుకున్నాను.

పదకొండో రోజు కార్యక్రమానికి వెళ్లాను. లెక్చరరు దంపతులు ఆ కారులోనే వచ్చారు. మేస్త్రీ గారి భార్య నాతో, "అన్నయ్య గారూ, షెడ్డు ఈ నెలాఖరుకి ఖాళీ చేసేస్తున్నాం. మీకేవన్నా కావాలంటే చూసుకోండి," అన్నారు. కావలసినవేమీ లేవు గానీ, లేత్ ఆయనతో కలిసి వెళ్లి చూశాను. సామాన్లు సగం సర్దేసి ఉన్నాయి.

మేం లోపల ఉండగా ఒక తెల్ల అంబాసిడర్ వచ్చి ఆగింది. నలభై ఏళ్ల మనిషి దిగాడు. కారులో భార్యా ఇద్దరు పిల్లలూ ఉన్నారు.

"గుడివాడ నుంచి వస్తున్నామండీ. మేస్త్రీ గారున్నారా?"

లేత్ ఆయన చెప్పాడు. వచ్చిన మనిషి కారు వైపు ఓసారి తిరిగి చూశాడు. "అయ్యో. ఎల్లుండి ఈ బండిలో తిరుపతి వెళ్దామనుకుంటున్నామండీ. ఓసారి చూపిద్దామని. ప్లగ్గులు కూడా తెచ్చుకున్నా. దూరానికి పొడుగు ముక్కువే కదా, ఆయన పేపర్లో చెప్పారంట. మా మావయ్య చెప్పాడు."

"ఆయన అలా చెప్పలేదు. అది రాసింది నేను. తప్పు రాశాను. దూరానికి పొట్టి ముక్కు," అన్నాను.

అతను నా చొక్కా వంక, చేతుల వంక చూశాడు. "మీరు మెకానిక్కాండీ?"

"కాదు."

"మరి?"

లేత్ ఆయన వైపు చూశాను. ఆయన సర్దిన పెట్టె విప్పి పొట్టి ముక్కు ప్లగ్గు ఒకటి తీసిచ్చాడు. దాన్ని అతని కుడిచేతిలో పెట్టాను. అతను తెచ్చుకున్నవాటిలో ఒకటి ఎడమచేతిలో పెట్టించి, రెండింటి మూతుల్లోకీ చూడమన్నాను. వేడి ఎటు నుంచి ఎటు పోతుందో చెప్పాను. విన్నాడు గానీ నమ్మినట్టు లేదు. రేకుల నీడలోంచి ఎండలోకి నడిచి, ఒక కన్ను మూసి, ముందు ఒక ప్లగ్గు వెలుగుకేసి ఎత్తి చూశాడు. తర్వాత రెండోది. మళ్లీ మొదటిది.

కారులోంచి అతని భార్య అద్దం దించింది. "ఏంటంట?"

"ఆగు," అన్నాడు అతను, ప్లగ్గు మీంచి కన్ను తీయకుండా. "చూడనీ."